అర అంగుళం ఖాళీ

కంచరపాలెం గేటు పక్కన నా రేకుల షెడ్డు.
ఇనుపరాయి గూడ్సు పోర్టు వైపు పోతున్నప్పుడల్లా
బల్ల మీద బీకర్లు ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి.
ఆ చప్పుడు మీదే నా వ్యాపారం.
ఏ పెట్టెలో పెడితే అవి నోరు మూసుకుంటాయో
ఆ పెట్టె అమ్ముతాను.

మొదటిది హేమసుందరి మేడం కోసం చేశాను.
పాడేరు మీద ఊటనీళ్ళు పరీక్ష చెయ్యాలట.
రెండు బ్యూరెట్లు, ఆరు కోనికల్ ఫ్లాస్కులు,
కొంగలా మెడ సాచిన వాల్యుమెట్రిక్ ఒకటి.
"జీపు పోయినంత దూరం జీపు, తర్వాత నడకే" అంది.
నాకు భయమేసింది, అందుకని బిగించాను.
స్పాంజి మీద స్పాంజి, పట్టీ మీద పట్టీ,
జలుబు చేసిన చంటిదానికి
ఇంట్లో ఉన్న స్వెట్టర్లన్నీ తొడిగినట్టు.
వంట్లమామిడి మలుపులు దాటకముందే
కుళాయి దగ్గర పుటుక్కుమంది బ్యూరెట్టు.

యూనివర్సిటీలో గాజు ఊదే మస్తాన్ వలీ గారు
ఆ ముక్కని కిటికీ వెలుతురుకి పట్టి తిప్పారు.
మంట దగ్గర బతికి బతికి
కనుబొమలు సగమే మిగిలిన మొహం ఆయనది.
"దెబ్బ తగల్లేదమ్మా దీనికి.
నువ్వు మెసలనివ్వలేదు, అదీ సంగతి.
వదులైతే ఆడుద్ది, బిగువైతే విరుగుద్ది,
మధ్యన ఎంతో నువ్వే చూసుకో."

ఆ ఎంతో ఎంతో తేలడానికి
వానాకాలం మొత్తం పట్టింది.

థర్మోకోల్ పొడి రాలి పైపెట్ల నోట్లో దూరింది.
కొబ్బరిపీచు చెమ్మ పట్టింది.
ఫిషింగ్ హార్బర్లో చినిగిన వలల నుంచి ఊడదీసిన బెండ్లు
కిలో లెక్కన తెచ్చి, కోసి, గుంటలు తొలిచాను.
ఎన్ని నీళ్ళు పోసి కడిగినా కవళ్ళ వాసన వదల్లేదు.
(మేడం ముక్కు మూసుకుంది గానీ వద్దనలేదు.)
అసలు గాజుతో పరీక్షించే స్తోమత లేక
కాలిపోయిన ట్యూబులైట్లు, కౌజుపిట్ట గుడ్లు సర్ది
స్కూటీ వెనక కట్టుకుని హనుమంతవాక దాకా
గతుకు వెతికి మరీ ఎక్కించాను.
పగిలినవి పగిలినట్టే అట్టేసుకు తిన్నాను.
సెప్టెంబరు నెలంతా అట్టే.

చివరికి ఇదీ:
బ్యూరెట్టుని మూడు చోట్లే ముట్టుకోవాలి.
కుళాయి విప్పేసి దాని గుంటలో దాన్ని పడుకోబెట్టాలి.
మెడలున్నవాటి చుట్టూ
అర అంగుళం ఖాళీ.
ఖాళీ గీయడం ఎంత కష్టమో!
పెన్సిలు ఊరుకోదు, ఏదో ఒకటి నింపమంటుంది.

రెండోసారి కొండెక్కి దిగింది పెట్టె.
"ఒక్కటీ పగల్లేదు" అని మేడం ఫోను.
ఆ రాత్రి నేను బొమ్మిడాల పులుసు చేసుకున్నాను.

మర్నాడు కీలు బిగించమని
అటెండరు పైడినాయుడు పెట్టె మోసుకొచ్చాడు.
మూత తీసి చూశాను.
దేని గుంటలో అది, మూలన ఎర్రమట్టి చిటికెడు.
తలెత్తి చూస్తే కుడిచేతికి గుడ్డ కట్టి ఉంది.

"ఏటయ్యింది సెయ్యికి?"
"ఏటీ నేదమ్మా. ఒంతెన కాడ జీపు ఆగిపోనాది,
ఆడినించి ఊట దాకా నడిసినాం.
పిడి కూసింత కోసుకుంది.
గాజు బాగుంది గదా."

పిడి.
కురుపాం మార్కెట్లో నలభై రూపాయలకి కొన్న
ఇనప తీగ పిడి.
ఆఖరి రోజు, చీకటి పడ్డాక,
దాని గురించి ఆలోచించకుండా బిగించింది.
పదకొండు కిలోలు దాని కింద వేలాడతాయని
తూకం వేసింది నేనే.

నా నోటుబుక్కులో అన్నీ ఉన్నాయి,
ఫ్లాస్కు అడుగు, మెడ, మూతి,
కుళాయి రెక్క వెడల్పు, మిల్లీమీటర్లతో సహా.
కాలిపర్ తుడిచి
"అరచెయ్యి సాపు" అన్నాను.
సిగ్గుపడి ముందు ఖాకీ నిక్కరుకి తుడుచుకున్నాడు.
అప్పుడే గూడ్సు వచ్చింది.
షెడ్డు ఊగినంతసేపూ
కాలిపర్ రెండు కొసల మధ్యా అతని చెయ్యి
కదలకుండా ఆగి ఉంది.

వాల్యుమెట్రిక్ కింది గీతలో రాశాను:
కుడి. అడ్డం తొమ్మిది సెంటీమీటర్లు.
ఉంగరం వేలు పూర్తిగా మడవదు.

ఎడమది కూడా చాపమన్నాను.